పొగమందు, పొగలేని మందు: మూతితుపాకిలో మందునకు గుండునకు గల పొత్తు

మైలవరము, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు కృష్ణాజిల్లా మెట్టసీమగా పేరుపొందినవి. 2022 ఏప్రిలు నుండి ఇవి ఎన్‌టీఆర్ జిల్లాలో చేరినవి. కాలువనీటితో వరి పండు డెల్టాకును ఈ సీమకును పోలిక తక్కువ. ఇచట కొండపల్లి అడవి, రాతిగుట్టలు, వాగులు, వానకెదురుచూచు చేలు కలవు. అడవి అంచున పొలమున్నచోట అడవిపందుల బెడద ఉండును. పూర్వము అట్టి చోట్ల మూతినుండి మందు కూరి పేల్చు తుపాకియు ఉండెడిది. పక్కనున్న తెలంగాణమున దీనిని భర్మారు అనిరి. 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధపోరాటమున పల్లెల దళముల చేత నున్న ఆయుధములలో ఇది యొకటి. అంతకు చాల ముందు, 1766లో, జనరల్ కెయిలాడ్ కొండపల్లి కోటను పట్టుకొనునాటికి ఉభయపక్షముల తుపాకులును మూతినుండి నింపునవియే.

ఈ తుపాకిని గూర్చి ఒక ప్రశ్న సహజముగా పుట్టును. నేటి రైఫిలు తూటాలో ఉండు పొగలేని మందు పాత మందుకన్న బలమైనది, శుభ్రమైనది. అట్లయిన ఆ మందునే కొంచెము తగ్గించి పాత తుపాకిలో పోయరాదా? పోయరాదు. అట్లు పోసి వ్రేళ్ళను, కన్నులను, ప్రాణములను పోగొట్టుకొన్నవారు లోకమున ఎందరో కలరు. ఎందుకు పోయరాదో తెలిసికొనుటకు హైస్కూలు భౌతికశాస్త్రము చాలును. తుపాకిలో మందు వేరు, గుండు వేరు, గొట్టము వేరు కావు. ఈ మూడును కలిసి ఒకే యంత్రము. ఒకదానిని మార్చినచో తక్కిన రెండిటిని గూర్చి మరల ఆలోచింపవలసినదే.

మూతినుండి నింపుట

మూతితుపాకి గొట్టము వెనుకవైపు మరబిరడాతో శాశ్వతముగా మూయబడి ఉండును. మూతినుండి కొలిచిన మందు పోయుదురు. దానిపై గుండు నుంచి, గజమనబడు కడ్డీతో మందును తాకువరకు లోనికి త్రోయుదురు. గొట్టము ప్రక్కనున్న సన్నని బెజ్జముద్వారా నిప్పు లోపలి మందునకు చేరును. ఆ నిప్పును పూర్వము రంజకమును జామగి త్రాటితో ముట్టించి పుట్టించెడివారు. తరువాత చెకుముకిరాయి, ఆ తరువాత కేపు వచ్చినవి.

చరిత్ర పాఠములో విద్యార్థులెల్లరు చదువు 1857 నాటి ఎన్‌ఫీల్డు తూటా ఈ జాతి తుపాకికి సంబంధించినదే. 1853లో రూపొందిన ఎన్‌ఫీల్డు మూతినుండి నింపు రైఫిలు. సిపాయి కాగితపు పొట్లమును పంటితో కొరికి మందును గొట్టములో పోసి, కొవ్వు పూసిన గుండును దానిపై త్రోయవలెను. ఆ కొవ్వే కల్లోలమునకు ఒక కారణమైనది. ఆ పొట్లములో సుమారు నాలుగున్నర గ్రాముల మందు, 34 గ్రాముల సీసపు గుండు ఉండెడివి. గుండు బరువు మందు బరువునకు సుమారు ఎనిమిది రెట్లు. గుండు గొట్టముకన్న కొంచెము సన్నముగా ఉండెడిది గనుక సులభముగా జారును. దాని అడుగు బోలుగా ఉండుటచే పేలినప్పుడు వాయువుల ఒత్తిడికి విప్పారి, గొట్టములోని మరగాళ్ళను పట్టుకొని బొంగరమువలె తిరుగుచు వెడలును. అనగా గుండు ఆకారము సైతము మందు పుట్టించు పీడనముపై ఆధారపడి నిర్ణయింపబడినది. పీడనము చాలనిచో అడుగు విప్పారదు. మితిమీరినచో మెత్తని సీసము చెడిపోవును. మందునకు గుండునకు గల పొత్తునకు ఇది తొలి ఉదాహరణము.

పొగమందు

ఆంగ్లేయులు పాత తుపాకిమందును నల్లనిపొడి అందురు. తెలుగున నల్లమందనగా అభిని గనుక, ఇచట దానిని పొగమందు అనుట మేలు. ఇది సూరేకారము, గంధకము, బొగ్గుల మిశ్రమము. ఇందు సూరేకారమే అధికభాగము. బొగ్గు, గంధకము మండు పదార్థములు. మండుటకు కావలసిన ఆమ్లజనిని సూరేకారము ఇచ్చును. అందుచేతనే గాలి చొరని గొట్టములో సైతము ఈ మందు మండును.

1875లో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు గట్టి ఉక్కుపాత్రలలో ఈ మందును కాల్చి, పుట్టిన పదార్థములను తూచిరి. బరువులో నూటికి సుమారు 57 పాళ్ళు ఘనపదార్థములుగను, 43 పాళ్ళు మాత్రమే వాయువులుగను తేలినవి. గుండును త్రోయునది వాయువు. ఘనపదార్థము తెల్లని పొగయై మూతినుండి వెడలును, లేదా మసియై గొట్టమునంటుకొనును. ఆ మసిలోని లవణములు తేమను పీల్చి ఇనుమును తుప్పుపట్టించును. ఇది పొగమందునకు గల లోపము. దీనికి ఒక సుగుణమును కలదు. అది ముందు తెలియగలదు.

రాబిన్స్ లోలకము

గుండు వేగమును మొదట సరిగా కొలిచినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లగణితజ్ఞుడు. అతని గ్రంథము 1742లో వెలువడెను. అతడు బరువైన కొయ్యదిమ్మను లోలకముగా వ్రేలాడదీసి దానిలోనికి గుండును పేల్చెను. గుండు దిమ్మలో చిక్కుకొనును, దిమ్మ ఊగును. ఎంత ఎత్తునకు ఊగినదో చూచి గుండు వేగమును లెక్కకట్టవచ్చును.

తరగతిలో ఈ లెక్క చేయదగినది. 25 గ్రాముల గుండు సెకనుకు 500 మీటర్ల వేగముతో 25 కిలోగ్రాముల దిమ్మలో చిక్కుకొన్నదనుకొందము. ద్రవ్యవేగ నిత్యత్వము ననుసరించి దిమ్మ వేగము సెకనుకు సుమారు అర మీటరు. ఆ వేగముతో అది సుమారు 1.3 సెంటీమీటర్లు పైకి లేచును. సెకనుకు 500 మీటర్లను కంటితో చూడజాలము, 1.3 సెంటీమీటర్లను స్కేలుతో కొలువవచ్చును. ఈ ఉపాయముతో రాబిన్స్ తన తుపాకి గుండ్ల వేగము సెకనుకు సుమారు 1,700 అడుగులని కనుగొనెను.

ఈ శాస్త్రజ్ఞునికి దక్షిణదేశముతో సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయుటకై అతడు 1750లో ఇటకు వచ్చి, 1751 జూలైలో కడలూరు చెంతనున్న సెంట్ డేవిడ్ కోటలో మరణించెను.

గుండు కదలకముందే మందంతయు మండి వాయువగునని రాబిన్స్ భావించెను. లెక్క సులభమగుటకు ఆ భావన పనికివచ్చెను గాని అది పూర్తిగా నిజము కాదు. గుండు కదలుచుండగా మందు మండుచునే ఉండును. మందు ఎంత త్వరగా మండుచున్నది, గుండు ఎంత త్వరగా చోటు ఇచ్చుచున్నది అను పరుగుపందెముపైననే గొట్టములోని పీడనము ఆధారపడును.

పొగలేని మందు పుట్టుక

1846లో షోన్‌బైన్ ప్రత్తినుండి నైట్రోసెల్యులోజ్ అను పేలుడు పదార్థమును తయారుచేసెను. అది పూర్తిగా వాయువులుగా మారును. పొగ లేదు, మసి లేదు. కాని పీచు రూపమున నున్న ఆ పదార్థము ఒక్కుమ్మడిగా మండి తుపాకులను పగులగొట్టెను. దానిని లొంగదీయుటకు దాదాపు నలుబది యేండ్లు పట్టెను. 1884లో ఫ్రాన్సు దేశీయుడు పోల్ వియే ఆ పీచును ద్రావకములతో మెత్తని ముద్దచేసి, గట్టి రేకులుగా మార్చెను. పీచుసందులలోనికి మంట చొచ్చుటకు వీలులేక రేకు పైనుండి పొరపొరగా మండెను. ఫ్రెంచివారి 1886 నాటి లెబెల్ రైఫిలు ఈ మందుతోనే పనిచేసినది. 1887లో ఆల్ఫ్రెడ్ నోబెల్ బాలిస్టైటును, 1889లో ఏబెల్, డ్యూవార్‌లు కార్డైటును రూపొందించిరి. మన దేశమున నీలగిరికొండలలోని అరువంకాడులో 1903-04 ప్రాంతమున కార్డైటు కర్మాగారము నెలకొల్పబడెను.

ఒక గ్రాము పొగమందునుండి సామాన్య పరిస్థితులలో కొలిచినచో సుమారు 280 ఘనసెంటీమీటర్ల వాయువు వచ్చును. ఒక గ్రాము నైట్రోసెల్యులోజ్ మందునుండి సుమారు 900 వచ్చును. ఒకే కొలగొట్టముతో రెండు మందులను కొలుచుట ఎంత ప్రమాదకరమో ఈ రెండు అంకెలే చెప్పును. అయినను అసలు ప్రమాదము వాయువు మొత్తములో లేదు. "తగ్గించి పోసినచో సరిపోవును గదా" అను వాదమునకు సమాధానము వేరొకచోట ఉన్నది.

గండివంటి మంట

బుడమేరు మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి విజయవాడ దిక్కుగా ప్రవహించును. 2024 సెప్టెంబరు వరదలలో దాని కట్టకు గండ్లు పడి నగరమున చాల భాగము మునిగినది. గండి స్వభావము రైతులకందరకు తెలిసినదే. చిన్న చీలికగుండా నీరు పారును. పారు నీరు చీలికను కోయును. వెడల్పైన చీలికగుండా మరింత నీరు పారును. ఫలితమే కారణమును పెంచును. మొదటి పావుగంటలో తట్టెడు మట్టితో ఆగునది, గంట గడచిన తరువాత లారీలతో ఆగదు.

పొగలేని మందు మంట ఇట్టిది. మందుపలుకు ఉపరితలము లోనికి తరుగు వేగము చుట్టునున్న పీడనమును బట్టి ఉండునని వియే కనుగొనెను. పీడనము పెరిగిన మంట పెరుగును; మంట పెరిగిన వాయువు పెరుగును; వాయువు పెరిగిన పీడనము మరల పెరుగును. మంట వేగము పీడనముయొక్క ఒకానొక ఘాతమునకు అనుపాతములో ఉండును. ఆ ఘాతాంకము పొగమందునకు చిన్నది. పొగలేని మందునకు ఇంచుమించు ఒకటి. ఉదాహరణకు మొదటిదానికి 0.3 అనియు, రెండవదానికి 0.9 అనియు తీసికొందము. పీడనము నాలుగు రెట్లయినప్పుడు పొగమందు మంట వేగము ఒకటిన్నర రెట్లే అగును. పొగలేని మందు మంట వేగము మూడున్నర రెట్లగును.

పొగమందునకు గల సుగుణ మిదియే. కొలతలో కొంచెము హెచ్చుతగ్గులున్నను, గుండు కొంచెము బిగువైనను అది మన్నించును. పొగలేని మందు మన్నింపదు. దానికి కావలసిన మందు చాల తక్కువ, పొరపాటునకు ఇచ్చు అవకాశము మరియు తక్కువ.

పలుకు ఆకారము

మంటను అదుపుచేయుటకు శాస్త్రజ్ఞులు రేఖాగణితమును ఆశ్రయించిరి. మంట ఉపరితలముననే జరుగును గనుక ఉపరితల వైశాల్యమును అదుపుచేసిన మంట అదుపగును. గట్టి కడ్డీవంటి పలుకు కాలుకొలది సన్నబడి దాని ఉపరితలము తగ్గుచుండును. గొట్టమువంటి పలుకు కథ వేరు. దాని వెలుపలి వ్యాసార్ధము, లోపలి వ్యాసార్ధము వరుసగా 3, 1 అనుకొందము. మంట రెండువైపుల అరపాలు తినినప్పుడు అవి 2.5, 1.5 అగును. మొత్తము రెండు సందర్భములలోను 4. వెలుపల తగ్గినంత లోపల పెరుగును గనుక ఉపరితలము మారదు. పెక్కు రంధ్రములున్న పలుకులో అది పెరుగును కూడ. ముల్లంగి ముక్కతో ఈ లెక్కను తరగతిలో చూపవచ్చును.

ఆకారమును, మందమును, పైపూతను మార్చి నేడు త్వరగా మండు మందులను, నిదానముగా మండు మందులను పెక్కు తరగతులుగా తయారుచేయుచున్నారు. చూపునకు ఇవి ఒకేరీతిగ నుండును. చూపునుబట్టి మందును గుర్తింప బూనుట అంధుడు రంగు చెప్ప బూనుట వంటిది.

గుండు బరువు

ఇప్పుడు గుండు సంగతి చూడవలెను. 16 గ్రాముల గుండు 12.7 మిల్లీమీటర్ల వ్యాసము, 60 సెంటీమీటర్ల పొడవు గల గొట్టమునుండి సెకనుకు 500 మీటర్ల వేగముతో వెడలినదనుకొందము. దాని గతిజశక్తి 2,000 జౌళ్ళు. దానిని 0.6 మీటరుతో భాగించిన సగటు బలము సుమారు 3,300 న్యూటనులు. గొట్టపు అడ్డుకోత వైశాల్యము సుమారు 1.27 చదరపు సెంటీమీటర్లు. కనుక సగటు పీడనము వాతావరణ పీడనమునకు సుమారు 260 రెట్లు. ఇది సగటు మాత్రమే. గుండు ఇంకను వెనుకభాగముననే ఉన్నప్పుడు కలుగు గరిష్ఠ పీడనము దీనికి కొన్ని రెట్లుండును. నేటి రైఫిళ్ళలో ఆ గరిష్ఠము 3,000 నుండి 4,000 వాతావరణముల వరకు పోవును. గుండు గొట్టములో ఉన్న కాలము సెకనులో వెయ్యవవంతులు రెండున్నరకు లోపే.

గుండు బరువు 32 గ్రాములు చేసినచో నేమగును? అదే బలమునకు త్వరణము సగమగును. గొట్టమును దాటుటకు పట్టు కాలము 1.4 రెట్లగును. అనగా గుండు నిదానముగా చోటిచ్చును. పుట్టిన వాయువు ఇరుకుచోట చిక్కుకొనును, పీడనము హెచ్చును. పొగమందైనచో ఆ హెచ్చు కొంతతో ఆగును. పొగలేని మందైనచో గండి మొదలగును.

కావున జతకూర్చుటలో మూలసూత్ర మిది: బరువైన గుండునకు, సన్నని గొట్టమునకు నిదానపు మందు, తేలికైన గుండునకు, వెడల్పు గొట్టమునకు త్వరమందు. తేలికగుండు వెనుక నిదానపు మందు నుంచినచో పీడనము చాలక మందు సగము కాలి, పచ్చిపలుకులు మూతినుండి రాలును. గుండు వేగము ఒకసారికొకసారి మారును. బరువుగుండు వెనుక త్వరమందు నుంచినచో గుండు కదలకముందే పీడనము శిఖరమెక్కును. మొదటి పొరపాటువలన గురి తప్పును. రెండవ పొరపాటువలన తుపాకి పగులును.

బరువు ఒక్కటియే కాదు. గుండు బిగువు, గొట్టములో అది కూర్చున్న లోతు, మందు వేడి కూడ లెక్కకు వచ్చును. జగ్గయ్యపేట, నందిగామలలో ఎండ 45 సెంటిగ్రేడు డిగ్రీలను సమీపించు దినములు కలవు. ఎండలో కాగిన మందు చలికాలపు మందుకన్న త్వరగా మండును.

కర్మాగారపు తూటాలో ఈ లెక్కలన్నియు ముందే పూర్తియై ఉండును. ఏ మందు, ఎంత, ఏ గుండు, ఎంత లోతు అనునవి కొలిచి పరీక్షించి మూసివేసినదే తూటా. మూతితుపాకిలో ప్రతి పేల్పునకు ఈ పని మరల తుపాకి పట్టినవాని చేతిలో పడుచున్నది.

అమెరికాలో ఒక ప్రయత్నము

పొగలేని మందును మూతినుండి నింపి సురక్షితముగా పేల్చుట అసాధ్యమా? కాదు. హెన్రీ బాల్ అను అమెరికా దేశీయుడు అట్టి రైఫిలును రూపొందింపగా, సావేజ్ కంపెనీ 2000 ప్రాంతమున దానిని 10 ఎంఎల్ పేర విడుదల చేసెను. అందు గొట్టము నేటి రైఫిళ్ళకు వాడు ఉక్కుతో చేయబడినది. వెనుకభాగము గట్టి బోల్టుతో బిగింపబడును. నిప్పు చొచ్చు బెజ్జము చాల సన్నము. అది అరిగినచో మార్చుటకు వీలగు ప్రత్యేకలోహపు బిళ్ళలో ఉండును. గుండు తరచుగా ప్లాస్టిక్ తొడుగులో ఇమిడి గొట్టమును బిగువుగా మూయును. అంత గట్టి తుపాకికి సైతము తయారీదారు పేర్కొన్న మందును, పేర్కొన్న గుండుతో, పేర్కొన్న తూకముననే వాడవలెనని నియమమున్నది. కొలగొట్టము పనికిరాదు, సున్నితపు త్రాసు కావలెను. తొడుగు సైతము లెక్కలో భాగమే: పీడనమునకు, వేడికి అది ఓర్వనిచో వాయువు ప్రక్కనుండి జారి గురి చెడును.

పాత తుపాకి ఎందుకు పగులును

పల్లెలలో మిగిలిన పాత తుపాకిని దీనితో పోల్చి చూడవలెను. దాని గొట్టము మెత్తని ఇనుము; కొన్నిట అతుకులు గలది. లోపల ఏండ్లనాటి తుప్పు గొట్టమును తిని పలుచన చేసి ఉండును. వెనుక మరబిరడా పొగమందు పీడనమునకే లెక్కింపబడినది. రంజకపు బెజ్జము వెడల్పు గనుక అధికపీడనమున వాయువు వెనుకకు చిమ్మి కేపును, సుత్తిని ఎగురగొట్టును. అది పేల్చువాని కంటికి జానెడు దూరములో ఉన్నది. గుండు మందును తాకక నడుమ ఖాళీ ఉన్నచో, పరుగెత్తు వాయువు నిలిచియున్న గుండును ఢీకొని ఆ చోట గొట్టమును ఉబ్బించును లేదా చీల్చును. ఎడమచేయి సాధారణముగా ఉండునది ఆ చోటనే.

"మా వాడు పోసి పేల్చెను, ఏమియు కాలేదు" అను మాట ఇచట సాక్ష్యము కాదు. లోహము ఒక్కొక్కసారి పదిసార్లు ఓర్చి పదునొకటవసారి తెగును. ఓర్చిన ప్రతిసారియు కంటికి కనబడని చీలిక పెరుగుచుండును. కట్ట తెగువరకు గట్టిగనే కనబడును.

చట్టమును ఈ విషయమున స్పష్టముగ నున్నది. 1959 ఆయుధముల చట్టము ప్రకారము అనుమతిపత్రము లేక మూతితుపాకి నుంచుకొనుట నేరము. వన్యమృగముల వేట 1972 చట్టముచే నిషేధింపబడినది. పంటనష్టము కలిగినప్పుడు అటవీశాఖ అధికారులను ఆశ్రయింపవలెను. ఉపాధ్యాయులు ఈ పాఠమును లోలకము, ముల్లంగి, కాగితము, పెన్సిలులతో బోధింపవచ్చును. మందుతో చేయదగిన ప్రయోగ మేదియు ఇందు లేదు. ఇంటి అటకపై పాత తుపాకి ఉన్న విద్యార్థి దాని మూతిలోనికి తొంగిచూడరాదు, కేపు పెట్టి చూడరాదు. పూర్వులు ఎన్నడో కూరిన మందు అందు నేటికిని ఉండవచ్చును. పొగమందు పొడిగా ఉన్నంతకాలము తన గుణమును విడువదు.